జుల్మీరా చెవి

జ్వరం వచ్చి పోయింది.
పోతూ పోతూ జుల్మీరా నాలుక మీది రుచినీ
ముక్కులోని వాసననీ మూటగట్టుకు పోయింది.
మూడో రోజున లేచి కూచుని
వెల్లుల్లి రెబ్బ కొరికి, గోడకేసి చూసి
"సుద్దముక్క" అంది.
మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కెలిమానెలో కోడి కాల్చేవాళ్ళు వీధికి ఇద్దరు.
మా వీధిలో ఒకరు మేము, రెండోవాడు అటనాజియు.
అతనిది మిరప దారి:
పిట్టముక్కంత ఎర్రకాయలు, నిమ్మ, నూనె, ఉప్పుగల్లు
రాత్రంతా పట్టించి ఉంచితే
తెల్లారేసరికి కోడి ఒళ్ళంతా కోపం.
మాది కొబ్బరి దారి:
తురిమి, పిండి, తొలిపాలు వేరు, మలిపాలు వేరు.
మలిపాలలో వెల్లుల్లితో కోడి ఊరాలి,
తొలిపాలు నిప్పుల మీద, తడవ తడవకీ, ఈనెల కుంచెతో.
శుభశకునాల నది ఒడ్డున చెట్లన్నీ
తెగులొచ్చి తలల్లేకుండా నిలబడ్డాక
కాయ లారీలో వస్తోంది,
లారీ ఎప్పుడొస్తుందో నదికే తెలీదు.

కుంచె నా పని. విసనకర్ర నా పని.
కొలత మాత్రం
ఆమె అరచేతి గుంటది.

ఇప్పుడా గుంట నా నోటి ముందు చాచి
"ఎట్లా ఉంది, ఫిలిమోని?" అంటుంది.
బాగుందంటే ఒప్పుకోదు.
"బాగుంది అనేది రుచి కాదు, మర్యాద."
నేను మాటలు వెతుక్కుంటాను:
పులుపు ముందొచ్చి తలుపు కొడుతోంది,
వెల్లుల్లి దాని వెనకాల నిలబడి ఉంది,
ఉప్పు ఇంకా చెప్పులు విప్పలేదు.
నవ్వదు. ఇంకో చిటికెడు వేస్తుంది.
"ఇప్పుడు?"
"లోపలికొచ్చి కూచుంది."

ఒక శనివారం, మాడిన కోడి ఖరీదు
నా కూలిలో కోసిన మర్నాడు,
ఉప్పు వాకిట్లోకే రాలేదని తెలిసీ
"కూచుంది" అన్నాను.

సైకిలు టాక్సీ కుర్రాళ్ళు ముగ్గురు ఉప్పడిగారు.
నాలుగోవాడు అడగలేదు,
సైకిలు అటనాజియు వైపు తిప్పాడు.

జుల్మీరా లేచొచ్చి పొయ్యి పక్కన నిలబడింది,
పక్కింటి గొడవ వింటున్నట్టు తల వంచి.
"కొవ్వు పడితే సుయ్యిమంటుంది.
పాలు పడితే ఉస్సురంటాయి.
ఉప్పు పడితే చిటుక్కుమనాలి.
పొద్దుట్నుంచీ చిటుక్కు లేదు."

పొద్దుట్నుంచీ.
అంటే మొదటి కోడికే తెలుసు.
"మరి చెప్పలేదేం?"
"నువ్వు చెప్తావేమోనని."
విసనకర్ర నా చేతిలో ఊగింది,
ఎవరి మొహం మీదికో గాలి.

ఆ రాత్రి బొగ్గులు బూడిద కప్పుకున్నాక
అటనాజియు కాయితంలో చుట్టి ఒక కాలు పంపాడు,
మిగిలిందో, మిగిల్చాడో.
ఆమె ఎవరికో మొక్కుబడి తీరుస్తున్నట్టు కొరికింది.
ఆగింది.
కళ్ళు నిండాయి. ముక్కు కారింది.
చెవుల దాకా ఎర్రబడి
"ఉంది" అంది. "ఏదో ఉంది ఇందులో."
కారం రుచి కాదుట, దెబ్బట;
రుచి పోయిన నాలుకకి దెబ్బ మాత్రం తగుల్తుందిట.
ముక్క వదల్లేదు, మూలుగ వదల్లేదు,
ఎముక గుల్లని ఈలలా పీల్చింది.

"మన పాలల్లో రెండు కాయలు నూరి వేద్దామా?"
"మా అమ్మ సమాధి లోంచి లేచొస్తుంది, నోర్ముయ్."

అప్పట్నుంచీ రోజూ దుకాణం కట్టేశాక
నేను చీకట్లో వీధి దాటుతాను.
పూర్తి ధర ఇవ్వమంటుంది, మెతికాలు లెక్కపెట్టి,
ఒక్కటి కూడా తగ్గించి అడగొద్దంటుంది.

"ఎవరికి?" అంటాడు అటనాజియు.
"నాకే."
అబద్ధమే. దీనికి ఉప్పు సరిపోయింది.

అతను నా పెదాల కేసి చూస్తాడు.
మంట మరక ఏమీ లేదు.
ఏమీ అనడు,
గరిటె మళ్ళీ ఎర్రటి గిన్నెలో ముంచి
ఆ కాలు మీద ఇంకో పూత పూసి
మడత గట్టిగా పెడతాడు.