టై-బ్రేకర్

రాత్రి పన్నెండు దాకా కంచరపాలెం గదిలో
ప్రశ్నలు తూచాను.
రొయ్యల తక్కెడైతే నయం,
ముల్లు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

మొదటి ఆధారం పదిమందిలో ఒక్కడికి,
రెండోది నలుగురికి,
చివరి మాటకి అందరి చేతులూ బజరు మీద పడాలి.
అదీ లెక్క.
పాత నాణెం మీది తిరగబడ్డ అక్షరం ప్రశ్న కొట్టేశాను,
అందులో నా గొప్ప తప్ప ఏమీ లేదు.
పొద్దున్నే మళ్ళీ చేర్చాను.

మహారాణిపేట, మూడో అంతస్తు, ఫైనలు.
ఏడో ప్రశ్నకి నిశ్శబ్దం.
ఎనిమిదికీ.
తొమ్మిదికి ఫ్యాను ఒక్కటే ఏదో అంది.
చచ్చిన ప్రశ్నని మోసేది రాసినవాడే.
వెనక వరసలో చోడిపల్లి సత్యవేణి టీచరు
పిల్లల్ని కాదు, నన్ను చూస్తోంది.

సమం. చెరి నలభై.
జేబులో ఇంకో కొరకరాని కొయ్య ఉంది.
తీయలేదు.
"మన రేవు పక్కన
సముద్రంలోకి ముక్కు చాచిన కొండ పేరు?"

ఐదు సెకన్లు.
ఎక్కడెక్కడి రాజవంశాలో వల్లించిన పిల్లలు
బజరు మీద వేలు పెట్టి, తీసి,
మెలిక కోసం వెతికారు.
గురునాయుడు పక్కవాడి చెవిలో:
"ఇదేట్రా, ఇంత తేలికేటి?
ఏదో ఉంటాది, నొక్కకు."
గంట మోగింది.

కిటికీలో, మసకలో, కొండ అలాగే ఉంది.
కొసన దీపం
వెలిగి, ఆరి, వెలిగి.

ఇంటికొచ్చి నోట్‌బుక్కులో రాసుకున్నాను.
కష్టం: అన్నిటికన్నా ఎక్కువ.
కారణం: ముందు నేనడిగిన తొమ్మిది.