అర

ఒమాహాలో మూడో అంతస్తు. చెవికి హెడ్‌సెట్.
"మార్లిస్‌ని మాట్లాడుతున్నాను, ఈ సంభాషణ రికార్డవుతుంది" అంటాను
రోజుకి అరవైసార్లు.
ఆ ఫిబ్రవరి మంగళవారం నలభై ఒకటో గొంతు ఆమెది.
బెర్నడీన్ వోయిచిక్, ఈరీ, పెన్సిల్వేనియా.
మాటల మధ్య పళ్లు టకటకమంటున్నాయి.

నేలమాళిగలో ఫర్నేస్ ఆదివారం రాత్రి చచ్చిపోయిందట.
కొత్తదానికి తొమ్మిదివేల చిల్లర.
సరస్సు మీంచి కొట్టే గాలికి
వంటింటి కుళాయి కింద నీటిబొట్టు మేకులా బిగుసుకుపోయిందట.
ఓవెన్ తలుపు బార్లా తెరిచి
దాని ముందు కుర్చీ వేసుక్కూర్చుని
నాతో మాట్లాడుతోంది.

నా తెర మీద ఆమె ఇరవై ఆరేళ్లూ
ఒకే ఒక్క అంకె.
ఫ్రిజ్ తలుపులకి రబ్బరు అంచులు అతికే ఫ్యాక్టరీ,
ప్రతి జీతంలోంచీ ఆరు శాతం.
ఊళ్లో వాళ్ల పాలూ వెన్నా చల్లగా ఉండేట్టు చూసిన చేతులు.

"పన్నెండువేలు తీస్తే చేతికొచ్చేది తొమ్మిదివేల ఆరువందలండీ.
మిగతాది పన్ను కింద ముందే పట్టేస్తారు.
వచ్చే ఏడు లెక్కలు కట్టేటప్పుడు
జరిమానా ఇంకో పన్నెండు వందలు."
"జరిమానా దేనికి?"
"తొందరగా తీసుకున్నందుకు."
"ఎవరి డబ్బు?"
"మీదే."
కాసేపు ఓవెన్ గాలి హోరు మాత్రమే వినపడింది.

నా బల్ల మీద మినహాయింపుల చీటీ ఉంది,
ప్లాస్టిక్ తొడుగు మూలల్లో లేచిపోయింది.
అడుగుతూ పోయాను.
శాశ్వత వైకల్యమా? మోకాళ్లు తప్ప ఏం లేదు.
ఆస్పత్రి బిల్లులా? కట్టేసింది, క్రెడిట్ కార్డు మీద.
యాభై ఐదు నిండే ఏడాదిలో ఉద్యోగం పోయి ఉంటే
జరిమానా ఉండదు, మీ ఫ్యాక్టరీ ఎప్పుడు మూశారు?
"డిసెంబర్ పదకొండు. ఆ పై మార్చికి నాకు యాభై ఐదు."

మూడు వారాలు.
జనవరిలో మూసుంటే సరిపోయేది.
ఆ ముక్క పైకి అనకూడదు. అనేశాను.
"క్రిస్మస్‌కి ముందు గేటుకి తాళం పడందే
వాళ్లకి కేకు దిగేట్టు లేదు" అందామె.

చీటీలో ఆ తర్వాతి గీతని దాటెయ్యబోయాను.
ఆమే అడిగింది: "నేను పోతేనో?"
"అప్పుడు జరిమానా లేదు. మీ వాళ్లకి."
నవ్వింది, దగ్గొచ్చేదాకా.

"సెప్టెంబర్ పద్నాలుగు దాకా ఆగినా చాలు" అన్నాను,
"ఆ రోజుకి మీకు యాభై తొమ్మిదిన్నర."
"అర దేనికి?"

పదకొండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను,
అర దేనికని ఎవరూ అడగలేదు.
చీటీ తిప్పి చూశాను. వెనక ఖాళీ.

"మా మనవడు క్విన్సీ అంతే, ఆరున్నర అంటాడు.
అర మర్చిపోయి ఆరంటే అలుగుతాడు.
పోన్లే, ఈ వయసులో నా అరలు కూడా
లెక్కపెట్టేవాళ్లు ఒకళ్లున్నారు" అంది.
తర్వాత గొంతు మార్చి,
"సెప్టెంబర్లో ఫర్నేసెవడిక్కావాలమ్మా. పంపించు."

పంపించాను.
జనవరిలో ఆమెకో కాగితం వెళ్తుంది.
ఏడో గడిలో ఒకటి అని అచ్చవుతుంది.
ఒకటంటే, గడువుకి ముందే తీసుకున్నారు,
తెలిసిన మినహాయింపు ఏదీ లేదు.

తెలిసింది కాక ఇంకేదైనా ఉంటే
రాయడానికి ఆ గడి చాలదు.
వేలిగోరంత ఉంటుంది.

ఫోన్ పెట్టేశాక గోడ క్యాలెండర్లో
సెప్టెంబర్ దాకా కాగితాలు తిప్పి
పద్నాలుగు చుట్టూ పెన్సిల్‌తో గీశాను.
సున్నా పూర్తవకముందే
నలభై రెండో ఫోన్ మోగింది.
అది సగం సున్నాగానే ఉండిపోయింది.