నెల చీటీ

పదమూడో ఏట మొదటి కంతు కట్టాను.
కృష్ణలంకలో, రేకుల ఇంట్లో,
చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని,
పొట్టకింద చెంబు, చెంబు నిండా వేణ్ణీళ్ళు.
అమ్మ వాము నూరుతూ అంది:
"ఓర్చుకో. ఇప్పుడు పడ్డది పడ్డట్టే జమ.
రేపు కాన్పులో అంత మేరా తగ్గుతుంది."

మా అమ్మ చీటీలు నడిపే మనిషి.
ఎర్ర అట్ట పుస్తకం, కొప్పులో పెన్సిలు,
ఇరవైమంది ఆడవాళ్ళు, ఒక్క పైసా తేడా రాదు.
ఆవిడ లెక్కని నేనెందుకు కాదంటాను?

తర్వాత వస్త్రలతలో, కుర్చీ లేని కొట్టులో
పదకొండేళ్ళు నిలబడ్డాను.
మడత విప్పి చూపించాలి, మళ్ళీ మడత పెట్టాలి.
"ఇంకో రంగు లేదా అమ్మాయ్?" అంటే నవ్వాలి.
నెలకి రెండు రోజులు
నడుం చుట్టూ ఎవరో తడిబట్ట పిండుతుంటే
జరీ చీరల అట్టపెట్టెల వెనక
ఐదు నిమిషాలు వంగి కూర్చుని
లోపల్లోపల రాసుకునేదాన్ని:
ఈ నెలదీ కట్టేశాను.

పక్క కౌంటర్ మెహరున్నీసా పకపకా నవ్వింది.
"నాకు ముట్టు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో
చీర చూసుకుంటే గానీ తెలిసేది కాదే.
పెద్దోడు తుమ్మినంత తేలిగ్గా పుట్టాడు.
చిన్నదానికి రెండు రాత్రులు చచ్చి బతికాను.
అదే కడుపు మరి.
ఏ పుస్తకంలో రాసుకోమంటావ్ దీన్ని?"

ఆరో నెలలో డాక్టరమ్మని అడిగేశాను.
స్కాన్ కాగితం మీంచి తలెత్తి
"కొందరికి అలా, కొందరికి ఇలా. ముందే చెప్పలేం" అంది.
అని, కలం మూత పెట్టబోయి ఆగి,
"ఇన్నేళ్ళ నుంచి అంత నొప్పి ఉంటే
ఎవరికీ చూపించుకోలేదా?"

బల్ల మీద బరువు చూసే పుస్తకం వంక చూశాను.
జవాబు లేదు. వాము ఉంది, అంతే.

బ్యారేజీ గేట్లు ఎత్తిన రాత్రి నాకు నొప్పులు మొదలయ్యాయి.
మా ఆయన నన్ను వార్డులో దింపి
సామాను అటక ఎక్కించడానికి ఇంటికి పరిగెత్తాడు.
మొదట వచ్చింది నాకు తెలిసిన నొప్పే.
పాత చుట్టంలా వచ్చి నడుం దగ్గర చతికిలబడింది.
ఇంతేనా, అనుకున్నాను. నిజంగానే నవ్వాను.
"ఇంకా మూడే సెంటీమీటర్లు" అంది సిస్టర్ సువార్త.

తెల్లారుజామున
చుట్టం లేదు, నడుం లేదు, నేనూ లేను.
నూట అరవై ఎనిమిది కంతులు కట్టిన దాన్ని,
పాట రోజున పోయి కూర్చుంటే
పుస్తకంలో నీ పేరే లేదమ్మా, అన్నట్టుంది.
అరిచాను. ఎవర్ని తిట్టానో గుర్తులేదు.
అమ్మనే అయి ఉండాలి.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి.
పళ్ళు బిగించకుండా ఊపిరి ఎక్కడ వదలాలో
నాకు ముందే తెలుసు.
అట్టపెట్టెల వెనక నేర్చుకున్న విద్య అది.
దానివల్ల నొప్పేమీ తగ్గలేదు.

కొడుకు. రెండు కిలోల ఏడొందలు.
అమ్మ టిఫిన్ క్యారియర్‌తో వచ్చి గొంతు తగ్గించి అడిగింది:
"తేలిగ్గానే అయిందా?"
ఆవిడ మొహం చూస్తే,
ఆ లెక్క ఆవిడకీ ఎవరో చెప్పిందేనని,
ఆవిడా కట్టి కట్టి
ఏమీ ఎత్తుకోకుండానే ఊరుకుందని అర్థమైంది.
"ఆ, తేలిగ్గానే" అన్నాను.

అబద్ధం.
రెండేళ్ళు దాన్ని అలాగే ఉండనిచ్చాను.

మొన్న మా అక్క కూతురు జోత్స్న
అదే గచ్చు మీద, అదే చెంబు మీద బోర్లా పడుకుంది.
అమ్మ వాము డబ్బా మూత తీస్తోంది.
"ఓర్చుకోవే, రేపు..." అని మొదలుపెట్టింది.
నేను పిల్లని లేపి, మొహం కడిగి,
ఆటో ఎక్కించి, లైన్లో గంటన్నర నిలబడి
దాని పేరు రాయించుకొచ్చాను.

సాయంత్రం అమ్మ నా చేతిలో కాగితం చూసి
కళ్ళజోడు వెతుక్కుంది.
"ఏం చీటీ అది?"

ఓపీ చీటీ అమ్మా.