ఏడో కొమ్మ

గెంట్ నగరంలో, కాలువ వైపు తిరిగిన పెద్దింట్లో
దీపాల పని నాది. నా పేరు గోదెలీవ్.

బల్ల మీద రెండు కొమ్మల సెమ్మెలు.
పారిస్ నుంచి గడ్డిలో చుట్టి
పురిటిబిడ్డల్ని తెచ్చినట్టు పడవలో తెచ్చారట.
ఒక్కో కాండానికి ఏడేసి కొమ్మలు,
కొమ్మ కొమ్మకీ ముళ్లాకులు, ఆకు ఆకుకీ ఈనెలు.
మొదట్లో మేకకాళ్ల పిల్లాడొకడు
చెట్టంతా భుజాన మోస్తూ నవ్వుతుంటాడు.
ఎందుకు నవ్వుతాడో.
ఇద్దరం పడితే గాని లేవదది.

పొద్దున్నే మైనం తియ్యాలి.
కత్తి తగలకూడదు, గోరు కూడా.
వేడినీళ్లలో ముంచిన బాతు ఈకతో
ఆకుల సందుల్లోంచి, పిల్లాడి చెవుల్లోంచి
రాత్రి జరిగిన విందుని తవ్వి తియ్యాలి.

మేడ మీద కాలేది తేనెపట్టు మైనం.
వంటింట్లో మాది అచ్చంగా కొవ్వొత్తి:
గొర్రె కొవ్వు, కంపు,
రెండు మాటలాడేలోగా కొడిగట్టే వెలుగు.

మిగిలిన మైనం ముక్కలు పనివాళ్లవి. ఇంటి ఆనవాయితీ.
పద్నాలుగింట్లో ఆరు పెద్ద నౌకరు సెర్వాస్‌వి,
నాలుగు వంటామెవి, మూడు గుర్రాలవాడివి.
నాకొకటి: ఏడో కొమ్మది, కిటికీ పక్కది,
గాలికి అన్నిటికన్నా ముందు కరిగిపోయేది.

అందుకే పైన అతిథులు నవ్వుతుంటే
తలుపు వెనక నేను పొడుగు కొలుచుకుంటాను.
ఇంకో పాట అన్నారా, అంగుళం పోయింది.
నోటరీగారు పన్నుల సంగతి ఎత్తుకున్నాడా,
నా చెప్పు అడుగు పోయింది.
దేవుడా, ఆ లావుపాటావిడకి తలనొప్పి తెప్పించు
అని మొక్కుకున్న రాత్రులున్నాయి.
ఒకసారి తెప్పించాడు కూడా.

ఆ చలికాలం ఎవరో తాగి మోచెయ్యి తగిలించారు.
ఏడో కొమ్మ విరిగింది.
బ్రసెల్స్ నుంచి బంగారుపూత ముసలాయన వచ్చాడు, తూసేన్ అని.
ముసలాయన అంటే నలభై రెండేళ్లట.
పళ్లు నల్లన. చేతులు ఒక్క చోట నిలవవు.

పెరటి పాకలో నిప్పులు రాజేసి
పాదరసంలో బంగారాన్ని వెన్నలా కలిపాడు.
కుంచె పట్టేముందు కుడి మణికట్టుని ఎడంచేత్తో
పారిపోయే కోడిని పట్టినట్టు ఒడిసిపట్టాడు.
రాసినంతసేపూ అది కదల్లేదు.
"ఊపిరి బిగబట్టు పిల్లా,
ఈ పొగకి వాసనుండదు, అదే దాని కపటం."
నిప్పు మీద తెల్లటి పూత
మెల్లగా పచ్చబడింది.

"రసం పొగై పోవాలి, బంగారం నిలవాలి, ఇంతే విద్య.
నా విషయంలో తిరగబడింది.
బంగారం ఎవరెవరి ఇళ్లకో పోయింది,
రసం నాలో నిలిచింది."
సరదాకే అన్నాడు.
నవ్వాలో లేదో తెలీక నేల మీదకి చూశాను.

ఆ రాత్రి ఆయనకి వంటింట్లో సూప్ పెట్టాం.
చెప్పుల కోసం దాచుకున్న ముక్కల్లో
పొడుగుది తీసి వెలిగించాను.
మర్యాద చేద్దామనే.
ఎంత తెల్లటి వెలుగో!
గిన్నెనుంచి నోటికి చేరేలోగా
చెంచా సగం ఖాళీ అవడం,
గోడ మీద ఆ చెయ్యి నీడ
వలలో చేపలా కొట్టుకోవడం
అందరం చూశాం. ఆయనా చూశాడు.
"ఇంత మంచి వెలుగు ఇప్పుడు వద్దమ్మా."

ఆర్పేశాను.
గొర్రెకొవ్వు మసకలో
రొట్టె ముంచుకుని, తాపీగా, గిన్నె తుడిచి మరీ తిన్నాడు.

కొత్త పూత మిగతావాటితో కలవలేదని
అమ్మగారు ఆయన కూలిలో కోత పెట్టారు.
నిజమే, ఏడో కొమ్మ ఇప్పటికీ కాస్త ఎక్కువ పచ్చన.

విందులు జరుగుతూనే ఉన్నాయి.
తలుపు వెనక నేనూ అంగుళాలు లెక్కబెడుతూనే ఉన్నాను,
చెప్పులు లేకపోతే చలి ఊరుకుంటుందా.
పొద్దున్నే ఈక పట్టుకుని ఒక్కో కొమ్మా దాటి
ఆ కొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం
ఎవరూ చెప్పకుండానే
ఊపిరి బిగబడతాను.