ఇవాళ నీ వంతు

పదకొండు రోజుల సెలవు.
రెండు రోజులు దారికే పోయాయి.
బారిలో నేను చూసుకునే ముసలావిడకి
త్సియూరి అన్న పేరు ఇప్పటికీ నోరు తిరగదు,
"మళ్ళీ వస్తావుగా" అని మాత్రం
ఏడుసార్లు అడిగింది.

కుతాయిసిలో దిగీ దిగగానే
నీళ్ళ సీసా అమ్మే కుర్రాడికి
అలవాటుగా ఇటాలియన్‌లో థాంక్స్ చెప్పాను.
వాడు ఇంగ్లీషులో ధర చెప్పాడు,
అదీ రెట్టింపు.

లమారా ఇల్లు ఐదో అంతస్తు.
లిఫ్టు ఇంకా చిల్లర వేస్తేనే కదులుతుంది,
నా పర్సులో అన్నీ యూరోలే.
మూడో అంతస్తులో రెయిలింగు పట్టుకుని రొప్పుతుంటే
పైనుంచి గులికో గొంతు:
"వచ్చిందమ్మా మహారాణి!
మోకాళ్ళు ఇటలీలో మర్చిపోయి వచ్చింది!"

గులికో సగమైంది.
లమారా రెండింతలైంది.
"లెక్క సరిపోయిందిలే" అంది లమారా,
పిండి చేతులతో నా వీపున
రెండు తెల్లటి అచ్చులు వేసి.

బల్ల మీద జున్నురొట్టె, వాల్‌నట్ ముద్ద,
నోరు వంకర్లు పోయే పుల్లటి ప్లమ్ పచ్చడి,
నాలుగు గ్లాసులు.
నాలుగోది ఎతేరిది.
నింపాం. దాని జోలికెవరం పోలేదు.

సూట్‌కేసు విప్పాను.
రెండు ఉన్ని కోట్లు, లేబుళ్ళయినా తీయనివి.
ఒకటి గులికో భుజాల మీంచి జారిపోయింది,
ఇంకోదాని బొత్తాలు లమారా పొట్ట దగ్గర
ఒకదాన్నొకటి దూరం నుంచే చూసుకున్నాయి.
పదహారేళ్ళుగా వీళ్ళని నేను
పాత కొలతలతోనే తలుచుకుంటున్నాను.

"అయినా మనకో కోటుందిగా" అంది గులికో.

ఆ చలికాలం.
పట్టుమిల్లు మూతపడింది,
కరెంటు వస్తే రోజుకో గంట.
నలుగురం, ఒకటే గది, ఒకటే కోటు.
చీకటితోనే రొట్టె కోసం వరసలో నిలబడాలి.
వంతు ఎవరిదైతే కోటు వాళ్ళది,
మిగతా ముగ్గురం ఒక దుప్పటి కింద
కోటు తిరిగొచ్చేదాకా
ఒకరి పాదాలొకరం తన్నుకుంటూ పడుకోవడమే.

ఇంతకీ ఎవరిదది?
"మా నాన్నది" అన్నాను.
"నీ మొహం! రైల్వేలో చేసిన మా మామయ్యది" అంది లమారా.
"మిల్లు స్టోరులోంచి నేను కొట్టుకొచ్చాను"
అంది గులికో, ఇప్పుడైనా ఎవరో పట్టుకుంటారన్నట్టు
గొంతు తగ్గించి.
ముగ్గురం నాలుగో గ్లాసు వైపు చూశాం.
తెలిస్తే దానికే తెలియాలి.

లమారా బాల్కనీలోంచి తెచ్చింది దాన్ని.
మంచుకి పాడవకుండా
బంగాళాదుంపల మీద కప్పుతోందట ఇన్నాళ్ళూ.
మోచేతుల దగ్గర మూడు రంగుల అతుకులు.
మట్టి వాసన, దుంప వాసన,
కాలర్ లోపల ఇంకేదో వాసన, పేరు గుర్తుకు రాదు.
నాకు తొడిగి, మిగిలిన ఒక్క బొత్తామూ పెట్టి,
జేబులో చిల్లర పోసి
గుమ్మంలోకి తోసింది:
"రొట్టె అయిపోయింది. వెళ్ళు. ఇవాళ నీ వంతు."

బయట ఏప్రిల్ ఎండ.
వీపున చెమట.
బట్టీ దగ్గర ఒక్కరూ లేరు.
గోడకి అంటించిన రొట్టెల్ని
కొక్కెంతో లాగుతోంది ఒక పిల్ల.
ఎన్ని కావాలంది.
నేను కాసేపు ఆగాను,
నా ముందింకా ఎవరో ఉన్నట్టు.
తర్వాత "నాలుగు" అన్నాను,
మా భాషలోనే.

ఆ పిల్ల నా మొహం చూడలేదు,
కోటు చూసింది.
మూడింటికే డబ్బు తీసుకుంది.