అరువు ఫోను

ల్యాబ్రడార్ సిటీ హోటల్లో
షుషెప్ అని నా సంతకం తీసుకుని
ఎల్ఫ్రీడా ఫోను చేతికిచ్చింది.
"పోలీసులకి తప్ప ఎవరికీ మోగదు.
గూస్ బేలో ఇచ్చెయ్."

చర్చిల్ ఫాల్స్ దాటాక
స్ప్రూస్ చెట్లు, మంచు, మళ్ళీ స్ప్రూస్ చెట్లు.
రేడియో గొంతు ఎప్పుడో పూడుకుపోయింది.
సముద్రం దాకా చుట్టు తిరిగే ఈ దారిలో
నా లారీ దీపాలే నాకు తోడు.

మలుపులో కారిబూలు.
రోడ్డు మాదే అన్నట్టు నిలబడ్డాయి.
ఇంజను ఆపి
నొక్కాను.

"ప్రమాదమా?"
"కాదండీ. కారిబూలు."
కాసేపు గరగర.
"ఎన్ని?"

పైకే లెక్కపెట్టాను, ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా.
పదిహేడు దగ్గర ఒకటి కదిలింది.
మళ్ళీ మొదటినుంచి.
ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు.

గూస్ బేలో
రిజిస్టర్లో ఒక గడి: వాడారా?
పెన్ను అక్కడే
కాసేపు ఆగింది.