కణుపుల లెక్క

అత్తకు చక్కెర జబ్బు ముందు కాళ్ళను తిన్నది,
తర్వాత వేళ్ళ కొసలను.
జపమాలలో పూస ఏదో, పూసల మధ్య గొలుసేదో
ఇప్పుడామెకు తెలియదు.
సోల్జర్‌పేటలో కరెంటు పోయిన ఓ సాయంత్రం అడిగింది:
"ఏటే కెజియా, ఓ సాయం సేస్తావా?
పదయ్యేసరికి సెప్పు, సాలు."

నేను భీమిలి బాప్టిస్టు పాస్టరు కూతుర్ని.
మా ఇంటి గోడకు గడియారం, ఓ ఖాళీ సిలువ
తప్ప ఏదీ వేలాడదు.
ఆరో ఏటే నాన్న వచనం నేర్పాడు:
దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే.
ఒక్కడే అన్నప్పుడు చూపుడు వేలు ఎత్తాలి.
వేలు వంగితే మళ్ళీ మొదటినుంచి.

కాపురానికొస్తూ ఆ వేలే తెచ్చాను.
మరియమ్మ పటానికి మల్లెదండ వేస్తే
ఎక్కడ రాసుంది?
పోయిన తాళాల కోసం అంతోనివారికి ఆడపడుచు మొక్కితే
ఎక్కడ రాసుంది?
గుడి గుమ్మంలో నీళ్ళలో వేళ్ళు ముంచి
నా మొగుడు నుదురు తడుపుకుంటే, బజారులోనే,
అందరి ముందూ.

మామగారు హార్బరులో కలాసీ.
క్రేను తాడు తెగిన రోజు పోయాడు.
ఆయన ఆత్మ ఉత్తరించే స్థలం దాటాలని
ఏటా నవంబరులో పూజకు డబ్బు కట్టేది అత్త,
చేపలమ్మిన చిల్లర.
అప్పుడూ ఊరుకోలేదు నేను.
"మాను ఎటు పడితే అటే ఉంటుందత్తా.
ప్రసంగిలో ఉంది. పడ్డాక ఎవరు జరుపుతారు?"
అత్త బియ్యంలో రాళ్ళేరుతోంది.
తల ఎత్తకుండానే
"క్రేనుంటే జరుపుతారు" అంది.

ఆ తర్వాత చాలా రోజులు
చాట చప్పుడు తప్ప ఇంట్లో ఏ మాటా లేదు.

నాన్న పోయిన ఏడు
ఈస్టరు తెల్లవారుజామున భీమిలి సమాధుల్లో
సున్నం పూసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తి వెలిగించాను.
సముద్రపు గాలికి నిలవడం లేదు.
అత్త నా భుజం పట్టుకుని నిలబడింది.
"ఇది ఎక్కడ రాసుందే?"
ఎగతాళి కాదు. అడ్రసు అడిగినట్టు అడిగింది.
జవాబు కోసం ఆగకుండా
చెంగు అడ్డం పెట్టింది మంటకు.

అయినా నాకు ఒప్పుదల లేదు.
డిసెంబరు ఎనిమిదిన కన్నెమేరీ కొండెక్కించాను,
మెట్టుకో ఊపిరి చొప్పున.
అందరూ మోకరించారు.
అత్త చెప్పులు చేత పట్టుకుని
రేవు వైపు తిరిగి నించున్నాను నేను.
ఖనిజం దుమ్ము రెయిలింగు మీద ఎర్రగా.
కింద, సముద్రాలు దాటొచ్చిన ఓడ
ఇరుకు కాలువలోకి తనంతట తాను రాలేక
వేలెడంత టగ్గు వెంట నడుస్తోంది.
ఈ సంగతి అత్తకు చెప్పలేదు.
చెబితే గెలిచేస్తుంది.
పోలిక రుజువు కాదనేవాడు నాన్న,
పోలికలు లేకుండా ఒక్క ప్రసంగమూ చెయ్యలేక.

సరే, లెక్క.
జపమాల ముట్టను, అది ముందే చెప్పాను.
నా వేళ్ళ కణుపులు చాలు:
వేలికి మూడు, మూడు వేళ్ళకు తొమ్మిది,
పదోది చిటికెన వేలి మొదలు.
చూపుడు వేలి దగ్గరే మొదలు పెట్టాలి,
వేరే దారి లేదు.
అన్యజనుల్లా మాటలు పెంచొద్దని మత్తయి.
కన్వెన్షను పందిట్లో నాన్న ఒకే పల్లవి
ఏడుసార్లు పాడించేవాడు. దాన్ని ఉజ్జీవమనేవాళ్ళం.

"పది" అంటాను. ఆమె ఆగుతుంది.
"పది" అంటాను.
నేను ప్రార్థించడం లేదు, లెక్కపెడుతున్నాను.
వంటింటి చీకట్లో
ఆ రెంటికీ తేడా నాకొక్కదానికే తెలుసు.

నిన్న నాలుగో పదిలో
ఏడో జపం సగంలో నిద్రపోయింది అత్త.
ఇంకా మూడున్నాయి.
నేను చెప్పలేదు. చెప్పను కూడా.
బొటనవేలు మాత్రం
ఉంగరపు వేలి మొదటి కణుపు మీదే ఉంచి
పాలు పొంగే వాసన వచ్చేదాకా
కదలకుండా కూర్చున్నాను.